ఆడవాళ్ళ వైపు ఏం వినపడింది

మైకు సెట్టు పనిలో ముప్పై ఆరేళ్ళు ఉన్నాను. ఆదోని నుంచి బస్సు పోయే ప్రతి ఊరికీ మైకు హారన్లు మోశాను. మోకాళ్ళు ఇక మా వల్ల కాదన్నాక మానేశాను. ఇప్పుడు ఈ పనికి సౌండు ఇంజనీరింగు అని పేరు పెట్టారు. మా కాలంలో మమ్మల్ని ‘మైకోడు’ అనేవాళ్ళు. పేరు మారినందుకు నాకు సంతోషమే.

ఎమ్మిగనూరులో కొత్తగా సౌండు షాపు పెట్టుకున్న ఇద్దరు మొన్న మా ఇంటికొచ్చి, "నీకు తెలిసిందంతా రాసియ్యన్నా, మాకు పనికొస్తాది" అన్నారు. ఏ యాంప్లిఫయరు కొనాలి, ఏ వైరు మన్నుతుంది అని రాస్తాననుకొని ఉంటారు. అవి అమ్మేవాడే చెబుతాడు. నేను రాసేది నా తప్పుల గురించి. అందులోనూ ఒక తప్పు ముప్పై ఏళ్ళకు పైగా చేశాను, అది తప్పని తెలియకుండానే. పని మానేసిన తర్వాత, ఇంటివాళ్ళతో కలిసి మార్తమ్మ పాటల పార్టీ ఆఖరి కచేరీ చూడటానికి పోయిన రోజున అది తెలిసింది.

పని

ముందు ఈ పని ఏమిటో చెబుతాను. కచేరీ సాయంత్రమైతే మీరు పొద్దున్నే ఆ ఊరు చేరాలి. హారన్ ఎక్కడ కట్టాలో చూసుకోవాలి. ఏ ఇంట్లో కరెంటు తీసుకోవాలో, ఆ ఇంటాయనకూ కచేరీ పెట్టించే ఆయనకూ మాటలున్నాయో లేవో తెలుసుకోవాలి. వైరు ఎద్దుల కాళ్ళ కింద పడకుండా కట్టాలి. ఇదంతా చేసినా మీ పేరు ఎవరూ తలుచుకోరు. మైకు కీచుమన్నప్పుడు మాత్రం నాలుగొందల తలకాయలు ఒకేసారి మీ వైపు తిరుగుతాయి. ఆ చూపుకు అలవాటు పడలేనివాళ్ళు ఈ పనిలోకి రావద్దు.

నాకు ఈ పని నేర్పింది కరీం సాబు. ఆదోనిలో ఆయన మైకు సెట్టు షాపు చాలా పాతది. నేను ఐటీఐ చదివి, రేడియోలు బాగుచేసుకుంటూ ఆయన కంట్లో పడ్డాను. మంచి మనిషి. నలుగురిలో ఎన్నడూ తిట్టలేదు. నా తప్పు ఏదైనా ఉంటే తిరుగు దోవలో, బండి వెనక కూర్చోబెట్టుకొని చెప్పేవాడు. చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ వైరు ముడి వేసేటప్పుడు నా వేళ్ళు ఆయన వేసినట్టే వేస్తాయి.

ఆయనకొక సిద్ధాంతం ఉండేది. మొదటి రోజే చెప్పాడు.

"సూడు ఈరన్నా, మళ్ళా మనల్ని పిలిపించేటోడు మొదటి వరసలో కూసోనుంటాడు. ఆ వరసకు బాగుంటే ఊరంతా బాగున్నట్టే. బస్."

"మరి ఆడోళ్ళ వైపు సాబ్?"

"వాళ్ళకొక హారన్ కట్టు. మాట ఇనపడితే సాలు వాళ్ళకు."

మా వైపు కచేరీలకు జనం రెండు భాగాలుగా కూర్చుంటారు. మధ్యలో ఒక తాడు కడతారు. మగవాళ్ళు వేదికకు ఎదురుగా, ఆడవాళ్ళు పక్కకు. జనరేటరును ఎప్పుడూ ఆడవాళ్ళ వైపే పెట్టేవాళ్ళం. మగవాళ్ళ వైపు పెడితే పెద్దమనుషులు పొగ అనీ మోత అనీ గొడవ చేస్తారు. ఆడవాళ్ళు చేయరు. ఎందుకు చేయరని నేను ఎప్పుడూ అనుకోలేదు. గొడవ లేని చోట జనరేటరు పెట్టడం తెలివైన పని అనుకున్నాను.

గూడూరు పెళ్ళి

చేరిన రెండో ఏడు గూడూరులో ఒక పెళ్ళికి మైకు పెట్టాను. మంత్రాలు అయిపోయాయి, తలంబ్రాలకు ఇంకా సమయం ఉంది. ఆకలేసి, మైకు ఆపకుండానే భోజనానికి లేచాను. మైకు పక్కన పెళ్ళికూతురి మేనమామ కూర్చొని ఉన్నాడు. ఆయన తన బావమరిది చెవిలో మెల్లగా, "ఆ వియ్యంకుడు పెరుగు నాలుగోసారి అడుగుతాండాడు సూడు. వాళ్ళింట్లో గేదెలేమన్నా సచ్చినాయా?" అన్నాడు. చెవిలో చెప్పినా మైకుకు చెవులు ఎక్కువ. నాలుగు వీధులకు వినపడింది. పంక్తిలో ఆ వియ్యంకుడు నాకు ఎదురుగానే ఉన్నాడు, ఆకులో పెరుగన్నం ముందు పెట్టుకొని.

ఆయన చేయి కడుక్కోకుండానే లేచాడు. నేను కూడా చేయి కడుక్కోకుండానే లేచి యాంప్లిఫయరు దగ్గరికి పరిగెత్తాను. పెళ్ళి ఆగిపోతుందనుకున్నాను. పెళ్ళికొడుకు అవ్వ ఒకామె నడుము పట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది. "నాలుగు కాదు, అయిదోసారి. నేను లెక్కబెట్టినా" అంది. ఆమె నవ్వకపోయి ఉంటే ఆ పెళ్ళి ఏమయ్యేదో నాకు తెలియదు.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. కార్యక్రమం అయ్యేదాకా యాంప్లిఫయరు దగ్గర నుంచి లేవను. తిండి ఆ తర్వాతే. వేదిక పక్కన నా స్టూలు, దాని మీద నేను. ముప్పై నాలుగేళ్ళు ఆ నియమం తప్పలేదు. నాకు దాని మీద గర్వం కూడా ఉండేది. ఆ నియమమే రెండో తప్పుకు కారణమైంది. లేవని మనిషికి తన చోటు నుంచి ఏది వినపడుతుందో అదే అందరికీ వినపడుతుందనే నమ్మకం కలుగుతుంది.

మార్తమ్మ పార్టీ

మీలో చాలామంది మార్తమ్మను విని ఉండరు. ఆమె పాటలు క్యాసెట్టుగా రాలేదు, ఇప్పటి ఫోన్లలోనూ లేవు. కానీ ఆదోని, ఎమ్మిగనూరు, పెద్దకడుబూరు వైపు అరవై ఏళ్ళు దాటిన ఎవరినైనా అడగండి. ఉరుసుకైనా, జాతరకైనా, క్రిస్మస్‌కైనా, పెళ్ళికైనా పిలిస్తే వచ్చేవాళ్ళు. ఆరుగురు మనుషులు. మార్తమ్మ పాడేది. ఆమె తమ్ముడు రాజరత్నం పిల్లనగ్రోవి. మిగిలినవాళ్ళు హార్మోనియం, డోలక్, తబలా, తాళాలు. పెద్ద డోలక్‌లు ఆడవాళ్ళ వైపు, వాటి వెనక కింద కూర్చొని రాజరత్నం. ఆయనకు బిడియం ఎక్కువ. కనపడని చోటు కావాలని ఆయనే అడిగేవాడు.

చాలామంది గాయకులు మైకు ముందుకొచ్చి హలో హలో అంటారు. మార్తమ్మ ఒకసారి దగ్గేది. ఆ దగ్గుతో మైకు ఎట్లా ఉందో ఆమెకు తెలిసిపోయేది. ఆ తర్వాత ఆడవాళ్ళ వైపు తిరిగి, "ఇనపడతాందా అమ్మా?" అని అడిగేది. ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో, "ఇనపడతాందీ" అని అరిచేవాళ్ళు. ప్రతి కచేరీకీ అడిగేది, ప్రతి కచేరీకీ అరిచేవాళ్ళు. అంతకంటే నాకు ఇంకేం సాక్ష్యం కావాలి?

వాళ్ళకు సొంత పాట ఒకటి ఉండేది. పత్తి పాట అనేవాళ్ళం. పత్తి ఏరే ఆడమనిషి మధ్యాహ్నం ఎండలో ఒడి నింపుకుంటూ పాడుకునే పాట. మాటలు మార్తమ్మవి, వరస రాజరత్నానిది. ఎప్పుడూ ఆఖర్న పాడేవాళ్ళు. అందులో మొదటి చరణం అయిపోయాక గొంతు ఆగుతుంది, డోలక్ ఆగుతుంది, పిల్లనగ్రోవి ఒక్కటే వస్తుంది. ఎక్కువసేపు ఉండదు, రెండు గుక్కల పొడుగు. నాకు సంగీతం రాదు. కానీ ఆ రెండు గుక్కల కోసం కచేరీ అంతా ఎదురుచూసేవాణ్ణి. అది వస్తున్నప్పుడు మీటర్ల మీద చూపు ఉండేది కాదు. ఆదోని బజారులో సైకిలు తొక్కుకుంటూ పోయే మగవాళ్ళు పాటలో ఆ చోటికి రాగానే ఈల వేసుకుంటూ పోయేవాళ్ళు.

నేను చేరిన కొత్తల్లోనే స్పీకరు బాక్సులు వస్తే కరీం సాబు ఒక జత తెప్పించాడు. పాడేవాళ్ళ మైకు, వాద్యాల మైకు రెండూ కలిపి ఆ బాక్సుల్లోకి ఇచ్చి, వాటిని మొదటి వరసకు ఎదురుగా పెట్టాం. ఆడవాళ్ళ వైపు హారన్‌ను పాత యాంప్లిఫయరుకే ఉంచి, పాడేవాళ్ళ మైకు ఒక్కటే దానికి కలిపాం. వాద్యాలు పంపితే ఆ హారన్ గరగరమనేది. అది తాత్కాలికంగా చేసిన ఏర్పాటు. మా పనిలో తాత్కాలికంగా చేసినవే కలకాలం ఉంటాయి. నేను షాపు సొంతంగా నడుపుకున్న రోజుల్లో కూడా అదే పద్ధతి.

ఇంట్లో పాట

నా భార్య సుంకమ్మది పెద్దకడుబూరు దగ్గర పల్లె. పెళ్ళికి ముందు వాళ్ళ ఊళ్ళో పత్తి ఏరే ఆడవాళ్ళలో ఆమె పాట ఎత్తుకుంటేనే మిగిలినవాళ్ళు అందుకునేవాళ్ళట. సంబంధం మాట్లాడటానికి మావాళ్ళు పోయినప్పుడు, పిల్లగాడు ఏం చేస్తాడని అడిగిందట. మైకు పెడతాడని చెప్పారు. ముఖం చిట్లించింది. మార్తమ్మ పార్టీకి పెట్టేది కూడా అతనే అని చెప్పాక, "అయితే సరే" అందట. ఈ సంగతి పెళ్ళయిన పదేళ్ళకు మా అత్త చెప్పింది. నన్ను చూసి చేసుకుందని అప్పటిదాకా అనుకొని ఉన్నాను.

మార్తమ్మ కచేరీ దగ్గర్లో ఎక్కడున్నా ఆమెను తీసుకుపోయేవాణ్ణి. తీసుకుపోయి ఆడవాళ్ళ వైపు దింపేవాణ్ణి. నేను నా స్టూలు మీద, ఆమె తాడు అవతల. తిరిగి వచ్చేటప్పుడు కొన్నిసార్లు, "ఆ జనరేటరు మోత తలకాయ తినింది. రవంత ఎడంగా పెట్టకూడదా?" అనేది. పెడతాలే అనేవాణ్ణి. పెట్టలేదు. ఆమె కూడా దాన్ని పట్టుకొని సాధించే మనిషి కాదు. నాకు ఇంట్లో పని గురించి మాట్లాడే అలవాటు లేదు. ఇద్దరికీ ఇష్టమైన పాట గురించి మేమిద్దరం ఒక్కసారి కూడా నిదానంగా మాట్లాడుకోలేదు.

ఇంట్లో ఆ పాట పాడుతూనే ఉండేది. శెనక్కాయలు ఒలిచేటప్పుడు, అన్నం వంచేటప్పుడు. మొదటి చరణం అయిపోయాక ఆగేది. కొంచెంసేపు నోరు మూసుకొని, మళ్ళీ రెండో చరణం ఎత్తుకునేది. పిల్లనగ్రోవి ముక్కను గొంతుతో పలకలేక వదిలేస్తోందని నేను అనుకున్నాను. మా కూతురు లలిత కూడా అక్కడ ఆగి పాడటమే నేర్చుకుంది. దాని కూతురు చిన్ని కూడా అంతే. ముగ్గురూ ఒకే చోట ఆగుతారు.

ఒకసారి లలిత చిన్నప్పుడు, ఇక్కడ ఎందుకు ఆపాలని వాళ్ళమ్మను అడిగింది. సుంకమ్మ ఏం జవాబిచ్చిందో ఆ రోజు నేను చెవిన పెట్టలేదు. అదే మాట ఎమ్మిగనూరులో విన్నాను.

ఎమ్మిగనూరు

మార్తమ్మకు డెబ్బై దాటింది. రాజరత్నానికి ఊపిరితిత్తులు బాగాలేవు. ఇంక చాలు, ఒక్క కచేరీ చేసి మానేస్తామన్నారు. ఎమ్మిగనూరు మగ్గాల వీధుల వాళ్ళు ముందుకొచ్చి బడి మైదానంలో పెట్టించారు. పెద్దవాళ్ళు కాబట్టి ఎండ తగ్గగానే మొదలుపెట్టి, దీపాల వేళకు ముగించాలని ఏర్పాటు.

సుంకమ్మ నాకు ముందే చెప్పింది. "ఈసారి నువ్వు ఆ డబ్బా దగ్గర కూసునేది లేదు. నా పక్కన కూసో. ఆయమ్మను నీ పక్కన కూసోని ఒక్కతూరి సూడల్ల."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నన్ను అడిగినవి తక్కువ. సరే అన్నాను. లలిత, చిన్ని, మేమిద్దరం ఆదోని నుంచి బస్సెక్కి పోయాం.

అక్కడ మైకు పెట్టింది మాబు. వాడు పెళ్ళయి పిల్లలు పుట్టాక నా దగ్గర పని నేర్చుకున్నాడు, ఇప్పుడు సొంత షాపు. చేయి తిరిగిన పనివాడు. నన్ను చూసి ఎదురొచ్చాడు.

"అన్నా, సూడు. అంతా నువ్వు పెట్టేటప్పుడు ఎట్లుండేనో అట్లే పెట్టినా. నీ పాత హారన్ గూడా అటకమీంచి దించి, తుడిచి తెచ్చినా."

చూశాను. మొదటి వరసకు ఎదురుగా రెండు పెద్ద బాక్సులు. ఆడవాళ్ళ వైపు కొయ్యకు నా హారన్. దాని వెనకే ట్రాలీ మీద జనరేటరు. నాకు గౌరవం చేయాలని వాడు చేసిన ఏర్పాటు. సంతోషపడ్డాను, అబద్ధం ఎందుకు.

తాడు ఇక్కడ కూడా కట్టారు. సుంకమ్మకు కింద కూర్చొని లేవడం కష్టం, అందుకని ఆడవాళ్ళ వైపు అంచున కుర్చీ వేశారు. ఆ పక్కనే నాకూ ఒకటి వేశారు. ముసలివాణ్ణి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. అట్లా బతుకులో మొదటిసారి ఆడవాళ్ళ వైపు కూర్చున్నాను.

మార్తమ్మ వచ్చి దగ్గింది. "ఇనపడతాందా అమ్మా?" అంది. "ఇనపడతాందీ" అన్నారు. సుంకమ్మ అందరికంటే గట్టిగా అరిచింది.

మొదటి పాట మొదలైంది. నాకు మార్తమ్మ గొంతు వినపడింది, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు. తబలా లీలగా. హార్మోనియం లేదు. మిగతా చోటంతా జనరేటరే. ముందు నా చెవుల్లో ఏదో లోపం వచ్చిందనుకున్నాను. మాబు ఏదో వైరు మరిచిపోయాడేమో అనుకున్నాను. వాడు ఏదీ మరిచిపోలేదు. నేను నేర్పినట్టే చేశాడు.

రెండో పాటలో గొంతు ఆగింది. మగవాళ్ళ వైపు తలలు ఊగుతున్నాయి. మా వైపు ఆడవాళ్ళు మాటల్లో పడ్డారు. ఒకామె సంచిలోంచి మరమరాలు తీసి పిల్లలకు పంచింది. ఇది వాళ్ళకు అలవాటైన విరామం. నేను ఒరిగి చూస్తే డోలక్‌ల సందులోంచి రాజరత్నం మోచేయి కనపడింది. పిల్లనగ్రోవి పెదాల దగ్గర ఉంది. వేళ్ళు కదులుతున్నాయి. నాకు ఏమీ వినపడటం లేదు.

చిన్ని అడిగింది, "అవ్వా, పాట ఎందుకాపింది?"

"ఆయమ్మ ఊపిరి తీసుకుంటాది మ్మా. నీళ్ళు తాగి మళ్ళా ఎత్తుకుంటాది. పత్తి పాటలో గూడా అంతే గదా, ఆగుతాం గదా మనం? అది ఆయమ్మ ఊపిరి తీసుకునే సోటు."

"మరి మగోళ్ళు ఈలలేస్తాండారు?"

"వాళ్ళకేం పని? ఆయమ్మ ఆపితే సాలు, ఈలలేస్తారు."

నేను సుంకమ్మ ముఖం చూశాను. ఎగతాళి లేదు, ఫిర్యాదు లేదు. తెలిసిన సంగతి మనవరాలికి చెబుతోంది. ముప్పై ఏళ్ళు నేను ఏ రెండు గుక్కల కోసం స్టూలు మీద కూర్చున్నానో అవి ఉన్నాయనే ఆమెకు తెలియదు. ఆమెకు ఒక్కదానికే కాదు, తాడు ఇవతల ఏ ఊళ్ళో కూర్చున్న ఏ ఆడమనిషికీ తెలియదు. నాకు సిగ్గేసింది. ఇంకో మాట లేదు దానికి.

ఇంకా నాలుగు పాటలున్నాయి. ఆఖరిది పత్తి పాట. ఆ తర్వాత ఆ పాట ఇంక ఎవరూ వాయించరు.

లేచి మాబు దగ్గరికి పోయాను.

"మాబూ, జనరేటరు ఆపు. ఒక బాక్సు ఆడోళ్ళ వైపు తిప్పుదాం."

వాడు నాకేమన్నా అయిందేమోనని చూశాడు. "ఏమన్నా నువ్వు? కరెంటును నమ్మొద్దని సెప్పింది నువ్వే గదా. నడిమిట్ల పోయిందనుకో, ఆయమ్మ ఆఖరి పాట. నన్ను బతకనిస్తారా ఈ ఊళ్ళో?"

"ఎలుగుంది గదా ఇంకా. లైట్లు పీకెయ్, బాక్సులొక్కటే కరెంటు మీద నడుస్తాయి."

"పాట నడిసేటప్పుడు బాక్సు ముట్టొద్దని గూడా నువ్వే సెప్పినావు."

"సెప్పినా. తప్పు సెప్పినా." ఆ మాట మొదటిసారి అన్నాను వాడితో. "కరెంటు పోతే నా పేరు సెప్పు. ఈరన్న ఆపినాడని అందరికీ సెప్పు."

వాడు పాటకూ పాటకూ మధ్య పోయి జనరేటరు ఆపి, వైరు బడి కరెంటుకు మార్చాడు. ఇద్దరం కలిసి కుడి వైపు బాక్సు తిప్పాం. నా మోకాలు కలుక్కుమంది. మొదటి వరసలోంచి తెల్లచొక్కా ఒకాయన, "ఏమప్పా, మేం కనపడటల్లేదా? దాన్నెందుకు అట్ల తిప్పినారు?" అన్నాడు. "మీకు ఇంకొకటుంది గదా సామీ" అన్నాను. కరీం సాబు బతికి ఉంటే తిరుగు దోవలో నాకు చెప్పాల్సింది చాలా ఉండేది.

జనరేటరు ఆగగానే ఆడవాళ్ళ వైపు ఒక రకమైన నిశ్శబ్దం వచ్చింది. గట్టిగా మాట్లాడుతున్నవాళ్ళు తమ గొంతులు విని తామే ఉలిక్కిపడి తగ్గించుకున్నారు. నేను వచ్చి సుంకమ్మ పక్కన కూర్చున్నాను. యాడికి పోయినావని అడిగితే, మోకాలు పట్టేసిందని చెప్పాను.

మార్తమ్మ గొంతు గురించి ఉన్నమాట చెప్పాలంటే, అది ఒకప్పటి గొంతు కాదు. శ్రుతి తగ్గించుకుంది. పై స్థాయి దగ్గర జాగ్రత్తగా పక్కకు తప్పుకుంటోంది. ఒక పాటలో చరణం మరిచిపోయి మొదటిదే మళ్ళీ పాడింది. జనానికి పట్టలేదు, నాకూ పట్టలేదు. నా ధ్యాసంతా కరెంటు మీద ఉంది.

పత్తి పాట మొదలైంది. ఆడవాళ్ళంతా కూడా పాడుతున్నారు. సుంకమ్మ, లలిత, చిన్ని పాడుతున్నారు. మొదటి చరణం అయిపోయింది. అలవాటు ప్రకారం ముగ్గురూ ఆగారు. మరమరాల ఆమె మళ్ళీ సంచిలో చేయి పెట్టింది.

పిల్లనగ్రోవి వచ్చింది.

గొప్పగా వాయించాడని చెప్పను. ఊపిరి చాలక మొదటి గుక్క తొందరగా తెగింది. రెండో గుక్కలో వణుకు. కానీ అదే వరస, అదే రాజరత్నం. మరమరాల ఆమె చేయి సంచిలోనే ఉండిపోయింది. మా వెనక ఎవరో, "ష్, ఊరకుండండి" అన్నారు.

సుంకమ్మ నా మోచేయి పట్టుకుంది.

"ఏంది ఆ సప్పుడు?"

"పిల్లంగోవి."

"బలే ఉండాది గదప్పా. ఈ పొద్దు కొత్తగా పెట్టినారా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కొత్తగా పెట్టారని చెప్పినా ఆమె నమ్మేది.

"లేదు. మొదట్నుంచీ ఉండాది."

ఆమె నన్ను చూసింది. హారన్‌ను చూసింది. ఆగిపోయిన జనరేటరును చూసింది. మైకోడి పెళ్ళాం కదా, విడమర్చి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. మార్తమ్మ రెండో చరణం ఎత్తుకుంది. సుంకమ్మ ఆమెతో కలిసి పాడలేదు. పాట అయ్యేదాకా నా మోచేయి వదలలేదు కూడా. కరెంటు పోలేదు.

ఆదోనిలో బస్సు దిగేటప్పుడు, "ఆ డోలక్‌ల ఎనకాల కూసునే ఆయప్ప జంఖానాలు మడతబెట్టేటాయన అనుకుంటి నేను, ఇన్ని దినాలు" అంది. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

కొత్తవాళ్ళకు

మీ దగ్గర ఇప్పుడు మంచి సామాన్లున్నాయి. జనం మధ్యలో కూర్చొని సరిచేసుకునే ఏర్పాట్లూ ఉన్నాయి. అయినా జనరేటరు ఇంకా అటే పెడుతున్నారని మాబు చెప్పాడు. వాడు మానేశాడు. మీరు చేయాల్సింది ఒక్కటే. మొదటి పాటలో లేచి, తాడు అవతలికి పోయి, ఆఖరి వరసలో నిలబడి వినండి. అక్కడివాళ్ళను అడగొద్దు. వినపడుతోందనే చెబుతారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. తమకు వినపడనిది ఒకటి ఉందని వాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? అది తెలుసుకోవడం మన పని. కరీం సాబు నాకు నేర్పినదాంట్లో నేను దిద్దుతున్నది ఇదొక్కటే.

ఈ మధ్య ఒక సాయంత్రం సుంకమ్మ వసారాలో కూర్చొని శెనక్కాయలు ఒలుస్తూ పత్తి పాట పాడుతోంది. చిన్ని పక్కనే ఉంది, నేను ఎదురుగా కుర్చీలో. మొదటి చరణం అయిపోగానే, మైదానంలో విన్న వరస గుర్తుంది కాబట్టి, అది గొంతుతో పిల్లనగ్రోవి ముక్క అందుకోబోయింది. సుంకమ్మ చేయెత్తి ఆపింది.

"ఉండు సిన్నీ. ఆడ ఆయప్ప వాయిస్తాడు."

ముగ్గురం ఊరికే కూర్చున్నాం. రెండు గుక్కల సేపయ్యాక ఆమె రెండో చరణం ఎత్తుకుంది.